గాల్లో నాలుగున్నర గంటలు.. నేల మీద రెండు రోజులు

జుబైల్ (సౌదీ అరేబియా): దమ్మాం నుంచి హైదరాబాద్ ఎంత దూరం? క్యాంపుకు కొత్తగా వచ్చిన ప్రతి కుర్రాడూ మొదటి వారంలోనే అడిగే ప్రశ్న ఇది. భూగోళం మీద తిన్నగా గీత గీస్తే దమ్మాంలోని కింగ్ ఫహద్ విమానాశ్రయానికి, శంషాబాద్‌కు మధ్య సుమారు 3,100 కిలోమీటర్లు. జెట్ విమానం గంటకు 850 కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఎక్కడం, దిగడం కలుపుకుంటే నాలుగుంబావు, నాలుగున్నర గంటల ప్రయాణం. హైదరాబాద్‌లో జేబీఎస్ దగ్గర బస్సెక్కి జగిత్యాలలో దిగడానికి కూడా ఇంచుమించు అంతే సమయం పడుతుంది.

లెక్క ఇంత సులువుగా ఉంటే మనవాళ్లు ఇంటికి చేరడానికి ఇన్ని తిప్పలు ఎందుకు పడుతున్నట్టు? జుబైల్‌లో క్యాంపు గేటు దాటిన మనిషి సొంతూరి గడప తొక్కేసరికి పదహారు గంటలు పడితే అదృష్టవంతుడి కింద లెక్క. ముప్ఫై గంటలు మామూలు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు వాళ్లకైతే నలభై గంటలు పట్టినా ఎవరూ ఆశ్చర్యపోరు. ఇక చావు కబురు వచ్చిన రోజు ఈ లెక్కలేవీ పనిచేయవు.

నిర్మాణ పనుల్లో ఉన్నవాళ్లకు ఇలాంటి తేడా కొత్త కాదు. డ్రాయింగ్‌లో పైపు పొడవు ఒకటుంటుంది. సైట్‌లో అడ్డంగా కేబుల్ ట్రే వస్తుంది, పునాది వస్తుంది, ఇంకో కంపెనీ వేసిన లైను వస్తుంది. బెండు మీద బెండు వేసుకుంటూ పోతే చివరికి పైపు పొడవు రెట్టింపవుతుంది. దమ్మాం-హైదరాబాద్ ప్రయాణం కూడా అలాంటిదే. ఆ బెండ్లు ఎక్కడెక్కడ ఉన్నాయి, వాటిని ఎవరు పెట్టారు, ఏవి తీయించవచ్చు అన్నది చూడాలి.

టికెట్ మీద ఏడు గంటలు, రెండు గంటలు

ముందు చిన్న విషయం. దీని దగ్గరే చాలామంది తికమకపడతారు. టికెట్ మీద రాసే టైములు ఎక్కడివక్కడే. దమ్మాంలో ఎక్కే టైము సౌదీది, హైదరాబాద్‌లో దిగే టైము ఇండియాది. రెండింటికీ తేడా రెండున్నర గంటలు. రాత్రి 1 గంటకు దమ్మాంలో లేచిన విమానం ఉదయం 7.50కి శంషాబాద్‌లో దిగుతుందని రాసి ఉంటే ‘అమ్మో, ఏడు గంటలా’ అనిపిస్తుంది. అందులో రెండున్నర గంటలు గడియారం తేడాయే. తిరుగు ప్రయాణంలో రాత్రి 9కి హైదరాబాద్‌లో లేచి 11.20కి దమ్మాంలో దిగుతుందని ఉంటుంది. రెండు గంటల ఇరవై నిమిషాల్లో వచ్చేసినట్టే కనిపిస్తుంది గానీ, గాల్లో ఉండేది ఐదు గంటలకు కాస్త తక్కువ.

వచ్చేటప్పుడు అరగంట ఎందుకు ఎక్కువ పడుతుందంటే ఎదురుగాలి వల్ల. బాగా ఎత్తులో గాలి పడమర నుంచి తూర్పుకు వీస్తుంది, చలికాలంలో ఇంకా గట్టిగా వీస్తుంది. ఇంటికి పోయేటప్పుడు వెనక నుంచి తోస్తుంది, డ్యూటీకి వచ్చేటప్పుడు ముందు నుంచి ఆపుతుంది. గాలికి కూడా మన సంగతి తెలుసని క్యాంపులో నవ్వుకుంటాం.

తేదీ దగ్గర మాత్రం నవ్వులాట కాదు. 15వ తేదీ రాత్రి 12.40 విమానం అంటే 14వ తేదీ సాయంత్రమే క్యాంపు నుంచి బయల్దేరాలి. 15 రాత్రి తాపీగా ఎయిర్‌పోర్టుకు పోయి, విమానం ముందు రాత్రే వెళ్లిపోయిందని తెలుసుకుని వెనక్కి వచ్చినవాళ్లు ప్రతి క్యాంపులోనూ ఒకరిద్దరు ఉంటారు.

క్యాంపు గేటు నుంచి ఇంటి గడప దాకా

ఇప్పుడు అసలు లెక్క. జుబైల్‌కు విమానాశ్రయం ఉన్నా ప్రయాణికుల విమానాలు లేవు. ఇక్కడివాళ్లందరికీ దమ్మామే దిక్కు. ఒకప్పుడు ఖోబార్ పక్కన ఉన్న దహ్రాన్ దాకా పోవాల్సి వచ్చేది. 1999 నవంబర్‌లో కింగ్ ఫహద్ విమానాశ్రయం మొదలయ్యాక జుబైల్‌వాళ్లకు దారి కాస్త తగ్గింది. 776 చదరపు కిలోమీటర్ల స్థలం ఉన్న విమానాశ్రయం అది. పక్కనున్న బహ్రెయిన్ దేశం మొత్తం కలిపినా ఇంచుమించు అంతే ఉంటుంది. స్థలానికి కరువు లేదు, మన ఊళ్లకు పోయే విమానాలకే కరువు.

రాత్రి ఒంటిగంట విమానానికి మూడు గంటల ముందు కౌంటర్ దగ్గర ఉండాలి. జుబైల్ నుంచి గంట ప్రయాణం. క్యాంపు బస్సు మనకోసం ఆగదు కాబట్టి ట్యాక్సీలో నలుగురు కలిసి పోతారు. ఆ నలుగురికీ నాలుగు టైములు. మొత్తం మీద సాయంత్రం 8 గంటలకు బయటపడాలి. మర్నాడు ఉదయం శంషాబాద్‌లో దిగాక ఇమ్మిగ్రేషన్, సామాను, కస్టమ్స్ కలిపి గంటన్నర. పుష్పక్ బస్సులో జేబీఎస్, అక్కడి నుంచి జగిత్యాల బస్సు. ఇంటి ముందు దిగేసరికి మధ్యాహ్నం 3 దాటుతుంది. గడియారం తేడా తీసేస్తే పదహారు, పదిహేడు గంటలు. అందులో గాల్లో గడిచింది నాలుగో వంతే. ఇదంతా డైరెక్ట్ విమానం దొరికిన మహారాజు లెక్క.

డైరెక్ట్ సర్వీసులు ఉన్నా మనకు కావలసిన రోజున సీటు దొరకదు, దొరికినా ధర అందదు. అప్పుడు బహ్రెయిన్, దుబాయ్, దోహా, మస్కట్, అదీ కాకుంటే ముంబై మీదుగా పోవడమే. మధ్యలో ఐదు గంటలు, ఎనిమిది గంటలు, ఒక్కోసారి పద్నాలుగు గంటలు ఎయిర్‌పోర్టు కుర్చీల్లో పడి ఉండాలి. చవక టికెట్ అని ఏజెంట్ చేతిలో పెట్టే కాగితంలో మొదట చూడాల్సింది ధర కాదు, ఈ మధ్య ఆగుడే.

ఉత్తరాంధ్రవాళ్ల సంగతి ఇంకోరకం. జుబైల్‌లో షట్‌డౌన్ పనులకు వచ్చే వెల్డర్లు, రిగ్గర్లు, పైప్ ఫిట్టర్లలో శ్రీకాకుళం జిల్లావాళ్లు చాలామంది. కవిటి, సోంపేట, కంచిలి, పలాస పేర్లు ఇక్కడి క్యాంపుల్లో రోజూ వినిపిస్తాయి. వాళ్లు హైదరాబాద్‌లో దిగితే సగం దారి వచ్చినట్టే. అక్కడి నుంచి రాత్రంతా రైలు, లేకుంటే విశాఖకు ఇంకో విమానం, ఆ తర్వాత మూడు నాలుగు గంటల రోడ్డు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. దమ్మాం-హైదరాబాద్ ఒక టికెట్టు, హైదరాబాద్-విశాఖ ఇంకో టికెట్టు విడివిడిగా కొనకండి. మొదటి విమానం లేటై రెండోది పోతే ఆ డబ్బు మనదే పోతుంది, ఎవరూ బాధ్యత తీసుకోరు. సామాను తగాదా ఇంకోటి. గల్ఫ్ టికెట్ మీద 30 కిలోలు ఒప్పుకున్నా, విడిగా కొన్న దేశీయ టికెట్ మీద మామూలుగా 15 కిలోలే. మిగిలిన 15 కిలోలకు కౌంటర్ దగ్గర కట్టే డబ్బుతో ఆ టికెట్టే మళ్లీ కొనుక్కోవచ్చు. రెండు ప్రయాణాలూ ఒకే పీఎన్‌ఆర్ కింద ఉంటే ఈ రెండు బాధలూ ఉండవు. 2025 డిసెంబర్‌లో ఇండిగో వేల సర్వీసులు రద్దయినప్పుడు ఇలా విడి టికెట్లు కొన్నవాళ్లకే దెబ్బ ఎక్కువ తగిలింది.

ఐదు వేల కిలోమీటర్ల గీత

అసలు మన ఊళ్లకు సరిపడా విమానాలు ఎందుకు లేవు? జనం లేక కాదు. సౌదీ ప్రభుత్వం 2022లో చేసిన జనాభా లెక్కల ప్రకారమే ఇక్కడ 18 లక్షల 80 వేల మంది భారతీయులున్నారు. జుబైల్ పారిశ్రామిక నగరంలో పనులు ఆగింది లేదు. సదారా అయిపోయిందనుకుంటే అమిరాల్ వచ్చింది. అరామ్‌కో, టోటల్ ఎనర్జీస్ కలిసి కడుతున్న ఈ పెట్రోకెమికల్ ప్రాజెక్టుకు 2023 జూన్‌లో 1,100 కోట్ల డాలర్ల కాంట్రాక్టులు కుదిరాయి. మనుషులు వస్తూనే ఉన్నారు, పోతూనే ఉన్నారు.

అడ్డం ఎక్కడుందంటే రెండు ప్రభుత్వాల మధ్య కుదిరే విమాన సర్వీసుల ఒప్పందంలో. ఒక దేశం నుంచి ఇంకో దేశానికి విమానం నడపాలంటే కంపెనీకి విమానం ఉంటే చాలదు. వారానికి ఇన్ని సీట్లు, ఫలానా నగరాలకు మాత్రమే అని ఒప్పందంలో రాసుకుంటారు. ఆ సీట్లు నిండిపోతే కొత్త సర్వీసు పెట్టడానికి లేదు. ఒప్పందంలో పేరు లేని నగరానికి విదేశీ కంపెనీ రావడానికీ లేదు.

2016 జూన్‌లో భారత ప్రభుత్వం జాతీయ పౌర విమానయాన విధానం తెచ్చింది. అందులో దూరానికి సంబంధించిన ఒక నియమం ఉంది. ఢిల్లీ చుట్టూ 5,000 కిలోమీటర్ల గీత గీశారు. ఆ గీత అవతల ఉన్న దేశాలతోనూ, సార్క్ దేశాలతోనూ ఓపెన్ స్కై ఒప్పందం చేసుకోవచ్చు. అంటే వాళ్లూ ఒప్పుకుంటే సీట్ల మీద పరిమితి ఉండదు. గీత లోపల ఉన్న దేశాలకు మాత్రం పాత పద్ధతే, బేరమాడి కొంచెం కొంచెం పెంచుకోవడమే. లండన్, ప్యారిస్, ఫ్రాంక్‌ఫర్ట్ గీత అవతల ఉన్నాయి. సౌదీ, యూఏఈ, ఖతర్, కువైట్, బహ్రెయిన్, ఒమన్ అన్నీ గీత లోపలే. దూరంగా ఉన్నవాళ్లకు తలుపులు తెరిచే వీలుంది, దగ్గరున్నవాళ్లకు లేదు. దగ్గరగా ఉండడమే మనకు దోషమైంది.

ఈ గీత ఊరికే గీయలేదు. గల్ఫ్ విమాన సంస్థలు మన ప్రయాణికులను తమ నగరాలకు తీసుకుపోయి, అక్కడి నుంచి యూరప్‌కు, అమెరికాకు చేరవేస్తాయి. దానివల్ల మన విమాన సంస్థల దూరప్రయాణాల వ్యాపారం దెబ్బతింటుందని ఢిల్లీ వాదన. దుబాయ్‌కి వారానికి 65 వేల చొప్పున ఉన్న సీట్ల కోటా 2014 నాటిది. పెంచమని వాళ్లు అడుగుతూనే వచ్చారు. వాదనలో నిజం లేదని మేం అనడం లేదు. కానీ దమ్మాం విమానం ఎక్కే పైప్ ఫిట్టర్ న్యూయార్క్ పోవడం లేదు. వాడు దమ్మాంలో ఎక్కి హైదరాబాద్‌లో దిగుతాడు, అంతే. అమెరికా ప్రయాణికుడి కోసం పెట్టిన తాళం కూలివాడి తలుపుకు కూడా వేశారు. సీట్లు తక్కువ, జనం ఎక్కువ అయితే టికెట్ ధర ఏమవుతుందో రంజాన్‌కు, వేసవి సెలవులకు, డిసెంబర్‌లో ఇంటికి పోయినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

పైగా ఉన్న సీట్లలో కూడా మనం వెనక వరసే. సౌదీ అంటే విమాన సంస్థలకు మొదట కనిపించేది ఉమ్రా యాత్రికులున్న జెద్దా, తర్వాత రాజధాని రియాద్. తూర్పు తీరంలో ఉన్న దమ్మాం మూడోది.

ఇంకో ముచ్చట కూడా చెప్పుకోవాలి. ఈ 2016 విధానం తెచ్చినప్పుడు పౌర విమానయాన మంత్రి విజయనగరం ఎంపీ అశోక్ గజపతిరాజు గారు. 2024 జూన్‌లో అదే శాఖ చేపట్టిన కింజరాపు రామ్మోహన్ నాయుడు గారు శ్రీకాకుళం ఎంపీ. గల్ఫ్‌కు మనుషులను పంపే జిల్లాల నుంచే ఇద్దరు మంత్రులు వచ్చారు. అయినా గల్ఫ్ సీట్ల సంగతి మన రెండు రాష్ట్రాల్లో ఎన్నికల మాట కాలేదు. కేరళలో అవుతుంది. అక్కడి ఎంపీలు గల్ఫ్ టికెట్ ధరల మీద పార్లమెంటులో లేవని సమావేశం ఉండదేమో. ఆ రాష్ట్రానికి నాలుగు అంతర్జాతీయ విమానాశ్రయాలున్నాయి. తిరువనంతపురం, కొచ్చి, కోజికోడ్, 2018 డిసెంబర్‌లో మొదలైన కన్నూర్. దమ్మాంలో ఎక్కిన మలయాళీ తన ఇంటికి గంట, రెండు గంటల దూరంలో దిగుతాడు. అలాగని అక్కడా అన్నీ సవ్యంగా లేవు. విదేశీ సంస్థలు దిగే నగరాల జాబితాలో కన్నూర్ పేరు చేరక ఆ విమానాశ్రయం ఏళ్ల తరబడి ఇబ్బంది పడింది.

యూరప్‌లో ఇదే దూరం

పోర్చుగల్ రాజధాని లిస్బన్ నుంచి ఫిన్‌లాండ్ రాజధాని హెల్సింకికి సుమారు 3,360 కిలోమీటర్లు. మన దమ్మాం-హైదరాబాద్ కంటే కాస్త ఎక్కువే. విమానంలో నాలుగున్నర నుంచి ఐదు గంటలు. లిస్బన్ తాపీమేస్త్రీకి హెల్సింకిలో పని దొరికిందనుకోండి. గుర్తింపు కార్డు జేబులో పెట్టుకుని విమానమెక్కుతాడు. వీసా లేదు, ఎగ్జిట్ లేదు. తల్లికి బాగాలేదని ఫోన్ వస్తే ఎవరి సంతకమూ అడగకుండా అదే రాత్రి బయల్దేరతాడు. 1997 ఏప్రిల్ నుంచి యూరోపియన్ యూనియన్‌లో ఏ దేశపు విమాన సంస్థ అయినా యూనియన్ లోపల ఏ రెండు నగరాల మధ్య అయినా విమానం నడపవచ్చు. సీట్ల కోటాలు లేవు. రైలు టికెట్ కన్నా విమానం టికెట్ చవకైన రోజులు అక్కడ వచ్చింది అందుకే. ఆఖరి నిమిషంలో విమానం రద్దు చేసి, తప్పు కంపెనీదే అయితే, అంత దూరానికి 400 యూరోలు పరిహారం కట్టాలని 2004లో చట్టమే చేసుకున్నారు.

సౌదీలో కూడా ఈ విషయంలో కొంత మార్పు వచ్చింది. ఇక్కడి పౌర విమానయాన సంస్థ గాకా తెచ్చిన ప్రయాణికుల హక్కుల నిబంధనలు 2023 నవంబర్ 20 నుంచి అమల్లో ఉన్నాయి. విమానం ఆలస్యమైతే తిండి, మరీ ఆలస్యమైతే హోటల్ ఇవ్వాలి. మనవాళ్లు అడగరు. నేల మీద తువ్వాలు పరుచుకుని పడుకుంటారు. అడిగితే తిడతారేమోనని భయం. బోర్డింగ్ పాస్, ఆలస్యం ఎంతో చూపించే బోర్డు ఫొటో ఫోన్‌లో ఉంచుకుని కౌంటర్ దగ్గర అడగండి. ఇంగ్లిష్ రాకపోతే వచ్చినవాడిని ముందు పెట్టుకోండి.

ఆకాశం మూసిన రోజులు

దూరం కిలోమీటర్లలో ఉండదని మనకు ఈ పదేళ్లలో మూడుసార్లు తెలిసొచ్చింది. 2017 జూన్ 5న సౌదీ, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్టు కలిసి ఖతర్‌తో సంబంధాలు తెంచుకున్నాయి. దమ్మాం నుంచి దోహాకు గాల్లో రెండు వందల చిల్లర కిలోమీటర్లు, గంట కూడా పట్టదు. ఆ దారి 2021 జనవరిలో అల్ ఉలా ఒప్పందం కుదిరేదాకా మూడున్నరేళ్లు మూతపడింది. అన్న జుబైల్‌లో, తమ్ముడు దోహాలో ఉన్న కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి. వాళ్లు కలుసుకోవాలంటే ఇండియాలోనే కలుసుకోవాలి.

రెండోది కరోనా. 2020 మార్చి 23 నుంచి ఇండియా అంతర్జాతీయ విమానాలు ఆపేసింది. మే 7న వందే భారత్ విమానాలు మొదలయ్యాయి గానీ, పేరు నమోదు చేసుకుని పిలుపు కోసం వారాల తరబడి చూడాల్సి వచ్చింది. అంతకంటే పెద్ద దెబ్బ తిరిగి వచ్చేటప్పుడు తగిలింది. ఇండియా నుంచి నేరుగా సౌదీ రావడానికి లేదు. ఇంకో దేశంలో 14 రోజులు గడిపి రావాలి. కొందరు దుబాయ్, కొందరు నేపాల్, కొందరు మాల్దీవులు పట్టుకున్నారు. మాల్దీవులంటే సినిమావాళ్లు పోయే చోటు. మనవాళ్లు అప్పు చేసి పోయి, గదిలో నలుగురేసి పడుకుని, రోజులు లెక్కపెట్టుకుని వచ్చారు. 2021 డిసెంబర్ 1న సౌదీ నేరుగా రానిచ్చేదాకా నాలుగున్నర గంటల ప్రయాణానికి పదిహేను రోజులు, లక్షల రూపాయలు అయ్యాయి. ఆ అప్పులు తీరడానికి ఎన్నేళ్లు పట్టిందో ఆ ఇళ్లవాళ్లకే తెలుసు.

మూడోది 2025. ఏప్రిల్ 24న పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసింది. ఇది ఢిల్లీ, అమృత్‌సర్ వైపు వాళ్లకు తగిలిన దెబ్బ. మన హైదరాబాద్ దారి గల్ఫ్, ఒమన్, అరేబియా సముద్రం మీదుగా మహారాష్ట్రలోకి పోతుంది కాబట్టి పెద్దగా తేడా రాలేదు. అదే జూన్ 23 రాత్రి ఖతర్‌లోని అల్ ఉదైద్ స్థావరం మీద ఇరాన్ క్షిపణులు వేసినప్పుడు మాత్రం మనకూ తగిలింది. ఖతర్, బహ్రెయిన్, కువైట్ ఆకాశాన్ని కొన్ని గంటలు మూసేశాయి. దారిలో ఉన్న విమానాలు వెనక్కి మళ్లాయి. ఇలాంటి రోజుల్లో ఒకటే పని. ఏజెంట్ మాట కాకుండా విమాన సంస్థ నుంచే మెసేజ్ వచ్చేదాకా క్యాంపు వదలొద్దు. రద్దు చేసింది కంపెనీ అయితే డబ్బు వాపసు మన హక్కు.

కాగితాల దూరం

ఇవన్నీ అప్పుడప్పుడు వచ్చేవి. రోజూ ఉండే దూరం ఎగ్జిట్ రీ-ఎంట్రీది. దీని ఫీజు రెండు నెలల దాకా 200 రియాళ్లు, ఆపైన నెలకు వంద. ఇప్పుడు పాస్‌పోర్టు మీద ముద్ర కూడా అక్కర్లేదు, అంతా కంప్యూటర్‌లోనే. ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాల కోసమే మనుషులు రెండు రోజులు కూర్చుంటారు.

మేం చూసిన సంగతే ఒకటి. గురువారం రాత్రి ఒక జగిత్యాల తమ్ముడికి తండ్రి పోయాడని ఫోన్ వచ్చింది. ‘అన్నా, గిప్పుడు ఎల్తే ఎప్పటికి చేరుత? నాయినను చూస్తనా?’ అని అడిగాడు. శుక్ర, శని ఇక్కడ సెలవు. కంపెనీ మందూబ్ ఫోన్ ఎత్తలేదు. విమానం ఉంది, సీటు ఉంది, టికెట్‌కు క్యాంపులో చందాలు పోగయ్యాయి. ఎగ్జిట్ కాగితం లేదు. శనివారం రాత్రికి కాగితం చేతికొచ్చేసరికి డైరెక్ట్ విమానం పోయింది. ఊళ్లో తండ్రిని ఐస్ పెట్టెలో పెట్టి ఆదివారం మధ్యాహ్నం దాకా ఆగారు. ఎండాకాలం, కరెంటు పోతూ వస్తూ ఉంది. పెద్దమనుషులు ఇక ఆగలేమన్నారు. చిన్న కొడుకు కొరివి పెట్టాడు. పెద్ద కొడుకు అప్పటికి మధ్యలో ఇంకో దేశపు ఎయిర్‌పోర్టులో కూర్చుని ఫోన్‌లో చూశాడు.

ఆ తమ్ముడికి అడ్డం పడింది 3,100 కిలోమీటర్లు కాదు, ఎత్తని ఫోను. మేనేజర్లకు, ఇంజనీర్లకు చాలా కంపెనీల్లో మల్టిపుల్ ఎగ్జిట్ రీ-ఎంట్రీ ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. మూడు నెలలకు 500 రియాళ్లు. కూలీలందరికీ అది పెట్టమని ఏ కంపెనీనీ అడగలేం. కానీ సెలవు రోజుల్లో ఒక డ్యూటీ మందూబ్ ఉండాలని అడగవచ్చు. సూపర్‌వైజర్లుగా ఉన్న మనలాంటివాళ్లు క్యాంపు మీటింగ్‌లో అడగాల్సిన మొదటి మాట అదే.

ఇంకో దారి కూడా ఉంది, చాలామందికి తెలియదు. 2021 మార్చి 14 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక సంస్కరణల ప్రకారం, కాంట్రాక్టు నమోదై ఉన్న కార్మికుడు ఎగ్జిట్ రీ-ఎంట్రీ కోసం ఆన్‌లైన్‌లో తానే దరఖాస్తు పెట్టుకోవచ్చు. యజమానికి సమాచారం మాత్రం వెళ్తుంది. ఇంటి డ్రైవర్లు, ఇంటి పనివాళ్లు, గొర్రెల కాపర్లు, తోటపనివాళ్లకు ఇది వర్తించదు. మిగతావాళ్లు తమ అబ్షెర్ ఖాతా తెరిచి, పాస్‌వర్డ్ సొంత ఫోన్‌లో ఉంచుకోవాలి. ఖాతా కంపెనీ ఆఫీసు కుర్రాడి నంబరు మీద ఉంటే ఆ హక్కు ఉన్నా లేనట్టే. కష్టం వచ్చిన రాత్రి ఇవన్నీ నేర్చుకోలేం, మామూలు రోజునే చూసుకోవాలి.

ఇక మనిషే పోతే.. బతికున్నవాడికి రోజులు పడితే, పోయినవాడికి వారాలు పడతాయి. ఆసుపత్రి రిపోర్టు, పోలీసు కాగితం, ఊళ్లో కుటుంబం రాసిచ్చే అంగీకార పత్రం, రాయబార కార్యాలయం ఎన్‌ఓసీ, ఫైనల్ ఎగ్జిట్, ఎంబామింగ్, కార్గో బుకింగ్. వీటిలో ఏ ఒక్కటి ఆగినా పెట్టె ఆగుతుంది. భారత రాయబార కార్యాలయం రియాద్‌లో ఉంది, కాన్సులేట్ జెద్దాలో ఉంది. తూర్పు ప్రాంతంలో రెండూ లేవు. సైట్ ప్రమాదమైతే విచారణ తేలేదాకా నెలలే. ఇండియా వైపు 2023 ఆగస్టులో ఈ-కేర్ అనే పోర్టల్ తెచ్చి, పార్థివ దేహం అనుమతులను 48 గంటల్లోపు ఇస్తామన్నారు. అది మంచి పనే. శంషాబాద్ నుంచి ఊరిదాకా తెలంగాణ ప్రభుత్వం ఉచితంగా అంబులెన్స్ ఇస్తుంది, ఆంధ్రావాళ్లకు ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీ ఏర్పాటు చేస్తుంది. కానీ ఆలస్యమంతా విమానం ఎక్కకముందే జరుగుతోంది. తూర్పు ప్రాంతంలో సంతకం పెట్టే అధికారం ఉన్న ఒక కాన్సులేట్ ఉంటే ఈ దూరంలో నాలుగు వందల కిలోమీటర్లు ఒక్కరోజులో తగ్గుతాయి.

ఏం అడగాలి, ఎప్పుడు అడగాలి

హైదరాబాద్ తప్ప ఇంకో దారి లేదా అంటే, ఉండాలి. కడప, రాయచోటివాళ్లు ఎప్పటినుంచో చెన్నై, బెంగళూరు మీదుగా పోతున్నారు. గన్నవరం నుంచి 2022 అక్టోబర్ 31న షార్జాకు ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ సర్వీసు మొదలైంది. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాలవాళ్లకు అది ఎంత మేలో చూశాం. భోగాపురం విమానాశ్రయానికి 2019 ఫిబ్రవరిలో ఒక ముఖ్యమంత్రి, 2023 మేలో ఇంకో ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. ఒక్క విమానాశ్రయానికి రెండు శంకుస్థాపనలు జరిగాయి కాబట్టి గల్ఫ్‌కు కనీసం రెండు సర్వీసులైనా అడిగే హక్కు మనకుంది. విశాఖలో ఇన్నాళ్లూ నేవీ రన్‌వే మీద సర్దుకున్నాం. భోగాపురంలో దమ్మాం విమానం దిగితే సోంపేట వెల్డర్ ప్రయాణంలో ఒక పగలు, ఒక రాత్రి మిగులుతాయి.

రన్‌వే కట్టినంత మాత్రాన విమానం రాదు. సౌదీతో ఒప్పందంలో సీట్లు ఉండాలి, ఆ నగరం పేరు ఉండాలి, ఒక విమాన సంస్థ ముందుకు రావాలి. ఈ మూడింటిలో మొదటి రెండూ ఢిల్లీ చేతిలో ఉన్నాయి. గీత మొత్తం చెరిపేయమని మేం అడగడం లేదు. సౌదీ ప్రయాణికుల్లో ఎక్కువమంది కార్మికులు, యాత్రికులే కాబట్టి ఈ ఒక్క దేశానికైనా, హైదరాబాద్, విజయవాడ, ఉత్తరాంధ్ర పేర్లతో సీట్లు విడిగా పెంచమనాలి. విమాన సంస్థను ఒప్పించడానికి మాత్రం లెక్కలు కావాలి. ఏ క్యాంపులో ఏ జిల్లావాళ్లు ఎంతమంది ఉన్నారు, ఏడాదికి ఎన్నిసార్లు పోతారు, ఏ నెలల్లో పోతారు. ఇది టైమ్ కీపర్ల రిజిస్టర్లలో ఉన్న సమాచారమే. తెలుగు సంఘాలు ఉగాది, సంక్రాంతి సభలు ఘనంగా చేస్తాయి. ఈసారి ఆ సభకు వచ్చినవాళ్ల దగ్గర ఊరు, జిల్లా, సెలవు నెల రాయించుకుంటే చాలు.

దీనికి కాలం కూడా ఉంది. విమానాల వేసవి షెడ్యూలు మార్చి ఆఖరి ఆదివారం, చలికాలం షెడ్యూలు అక్టోబర్ ఆఖరి ఆదివారం మొదలవుతాయి. కానీ ఎవరికి ఏ టైము అన్నది సంస్థలు, విమానాశ్రయాలు కూర్చుని తేల్చుకునేది నాలుగైదు నెలల ముందే. వేసవికి నవంబర్‌లో, చలికాలానికి జూన్‌లో. మనవాళ్లు వేసవి సెలవులకు టికెట్లు దొరకలేదని మే నెలలో అర్జీ రాస్తారు. అప్పటికి ఆ విమానాలు వేరే ఊళ్లకు పోయి ఉంటాయి. లెక్కలతో సహా అర్జీ సెప్టెంబర్‌లో ఢిల్లీలోని పౌర విమానయాన శాఖకు, మన ఎంపీలకు, శంషాబాద్ విమానాశ్రయం నడిపే జీఎంఆర్ సంస్థకు చేరాలి.